శుక్రవారం గడప దాటని ప్లగ్గు

మొన్న మా ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన చెట్లు నరుకుతున్నారు. రోడ్డు వెడల్పు చేస్తారట. ఇదివరకు కూడా చేశారు, అది చాలలేదు కాబోలు. పాల పాకెట్టు కోసం పోయినవాణ్ని నేను అక్కడే నిలబడిపోయాను. ఒక కుర్రాడు చేతిలో ఇంజిన్ రంపం పట్టుకొని తాడు లాగుతున్నాడు. అది బుర్రుమని లేచి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది. మళ్ళీ లాగుతాడు, మళ్ళీ దగ్గుతుంది. భుజం పడిపోయేదాకా లాగుతాడే తప్ప, అది ఎందుకు అంటుకోవడం లేదో మాత్రం చూడడు.

"ప్లగ్గు ఇప్పి చూడు బిడ్డా" అన్నాను.

"తాతా, ఎండల నిలబడకు, జర నీడకు పో" అన్నాడు.

చివరికి వేరే దారి లేక ఇప్పాడు. ప్లగ్గు మొన నల్లగా, తడిగా ఉంది. దాన్ని లుంగీ అంచుకు ఒకసారి రుద్ది, నోటితో ఊది, మళ్ళీ బిగించేశాడు. మసి గీకలేదు, కొనల మధ్య సందు చూడలేదు. అయినా రంపం అంటుకుంది. నాకు ఒళ్ళు మండింది. పని సరిగ్గా చేయనివాడికి పని జరిగిపోతుంటే చూస్తూ ఉండటం నా వల్ల కాదు. ఇంటికి వచ్చినా ఆ మంట చల్లారలేదు. సాయంత్రానికి గానీ తెలియలేదు, నా కోపం ఆ కుర్రాడి మీద కాదని. అది మా వదిన మీద. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోవడం బాగుండదని మా కోడలు అంటుంది. బాగుండదు, నిజమే. కానీ ఉంది, ఏం చేయను?

వదిన అంటే మా అన్న భార్య. పేరు చెప్పను. మా ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. బాపుకు ఆమె పెద్దకోడలు, అమ్మకు పెద్దది, నాకు వదిన. పుట్టిల్లు బాలాపూర్. మాది కొత్వాల్‌గూడ పక్కన చిన్న ఊరు, శంషాబాద్‌కు బండి కట్టుకొని పోయి పొద్దుగూకకముందే తిరిగి రావచ్చు.

ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి కాదు. ఏదో ఒకటి తోముతూ, వీపు మనవైపు పెట్టి మాట్లాడేది. మన మాట నచ్చకపోతే తోమే చేయి వేగం పెరిగేది. బాగా కోపం వస్తే చేయి ఆగిపోయేది. వాకిట్లో ఆ రుద్దుడు చప్పుడు ఆగిందంటే మా అమ్మ కూడా చేతిలో పని వదిలేసి పెరట్లోకి పోయేది.

తోమడం ఆమెకు పని కాదు, పట్టుదల. చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు ఉంటే చాలు, ఇక ప్రపంచంలో ఏ వస్తువునూ ఉన్నట్టు ఉండనిచ్చేది కాదు. చెంబులు, బిందెలు సరే. లాంతరు తోమేది, తలుపు గొళ్ళెం తోమేది, ఎడ్ల మెడలో గంటలు విప్పి తోమేది. అన్న ఇంజిన్ కొని తెచ్చినప్పుడు దాని పక్కన ఇత్తడి బిళ్ళ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. షెడ్డుకు సద్ది తెచ్చినప్పుడల్లా ఆ బిళ్ళను తోమి పోయేది. ఏడాది తిరగకముందే అక్షరాలు అరిగిపోయాయి. ఇంజిన్ ఏ కంపెనీదని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాకేమీ మిగలలేదు. నేను మొత్తుకుంటే, "మెరుస్తున్నది సూడు" అనేది.

ఆ ఇంజిన్ సంగతి చెప్పాలి. లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, అయిపోయిన కొత్తలో పట్నంలో మిలటరీ పాత సామాను వేలం వేస్తుంటే అన్న దాన్ని కొన్నాడు. ఊరి బయట షెడ్డు వేసి, పటా, అంటే బెల్టు, తగిలించి, దానితో చక్రం రంపాన్ని నడిపేవాడు. పెట్రోలుతో అంటించి, వేడెక్కాక గ్యాస్‌నూనెకు మార్చాలి. గ్యాస్‌నూనె అంటే మా దగ్గర కిరోసిన్. వేప, తుమ్మ, మామిడి మొద్దులు కోసి దర్వాజలకు, బండ్లకు, మామిడికాయల పెట్టెలకు చెక్కలు ఇచ్చేవాళ్ళం. నేను అన్న కింద పని నేర్చుకున్నాను. మాకు సాయంగా ఒక వడ్లాయన, అంటే వడ్రంగి, ఉండేవాడు.

ఇంజిన్‌కు ప్రాణం ప్లగ్గులో ఉంటుంది. పైన తెల్ల పింగాణీ మెడ, కింద ఇనుప మరలు, మొనకు రెండు కొనలు. ఆ రెండు కొనల మధ్య సందులో నిప్పురవ్వ దూకితేనే లోపలి నూనె ఆవిరి అంటుకుంటుంది. సందు ఎక్కువైతే రవ్వ దూకదు. తక్కువైతే మసి పట్టి మూసుకుపోతుంది. గ్యాస్‌నూనె తాగే ఇంజిన్‌కు మసి ఇంకా ఎక్కువ. అందుకే రోజూ ఇప్పాలి. తీగల బ్రష్షుతో మసి గీకాలి, పెట్రోలుతో కడగాలి, ఆరనివ్వాలి. పోస్టుకార్డు ముక్కను మడిచి ఆ సందులో దూర్చి చూడాలి, కొంచెం బిగుతుగా పోతే సరిగ్గా ఉన్నట్టు. మొన ఇటుక రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిమసి పట్టి ఉంటే నూనె ఎక్కువ తాగుతున్నట్టు. జిడ్డుగా ఉంటే లోపల ఏదో అరిగినట్టు. ఇవన్నీ అన్న నాకు ఓపికగా నేర్పాడు. వదినకు మాత్రం ఒకే ఒక్క మాట చెప్పాడు. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం ఆమె సద్ది తెచ్చినప్పుడు, సరదాకి ప్లగ్గును ఇప్పి, దాని తీగ అట్లాగే ఉంచి, ఇంజిన్ మీద పడుకోబెట్టి హ్యాండిల్ తిప్పాడు. కొనల మధ్య నీలంగా రవ్వ టప్పుమన్నది.

"గిదే నిప్పు" అన్నాడు అన్న. "గీ నిప్పు లేకుంటే ఇంజిన్ ఉత్త ఇనుము."

వదిన వంగి చూసింది. చాలాసేపు చూసింది. "గింత నిప్పును గీడనే ఇడిచిపెట్టి ఇంటికొస్తున్నవా రోజూ?" అన్నది.

"మల్ల ఏం జెయ్యాలె?"

"ఇంటికి తే."

అన్న నవ్వాడు. కానీ ఆ సాయంత్రం ప్లగ్గు ఇప్పి రుమాలులో కట్టుకొని ఇంటికి తెచ్చాడు. దొంగల భయం ఉన్న రోజులు, ప్లగ్గు లేని ఇంజిన్‌ను ఎవడూ నడపలేడు, అది కూడా ఒకందుకు మంచిదే అనుకున్నాడు. వదిన దాన్ని దేవుడి గూట్లో పెట్టలేదు, పొయ్యి పైన గూట్లో పెట్టింది. నిప్పు కాబట్టి దాని చోటు అది. పొద్దున చింతపండు, బూడిదతో తోమి, నీళ్ళతో కడిగి ఇచ్చేది. సాయంత్రం అన్న రాగానే, పిల్లవాడు అన్నం తిన్నాడా అని అడిగినట్టు, "ఇయ్యాల నిప్పు మంచిగ పడ్డదా?" అని అడిగేది. వాళ్ళకు పిల్లలు లేరు.

ఇక్కడ మా ఇంటి కట్టడి ఒకటి చెప్పాలి. అగ్గిపెట్టెలు కరువైన కాలం. పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెంకు పట్టుకొని నిప్పుకోసం వచ్చేవాళ్ళు. అడిగినవాళ్ళకు నిప్పు లేదనకూడదు. కానీ మంగళవారం, శుక్రవారం మాత్రం నిప్పు గడప దాటకూడదు, దాటితే ఇంటి లక్ష్మి దానితోపాటే పోతుంది. ఇది మా నాయనమ్మ పెట్టింది. బాపు దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు. వదిన లెక్కలో ప్లగ్గు నిప్పే. కాబట్టి దానికీ అదే నియమం. మంగళవారం, శుక్రవారం ప్లగ్గు గూట్లోంచి కదలదు.

అన్న దీనికి గొడవ పడలేదు. అతని స్వభావమే అంత, గొడవ ఉన్న చోట పక్కనుంచి తిరిగి పోయేవాడు. సోమవారం, గురువారం సాయంత్రాలు ప్లగ్గును ఇంజిన్‌లోనే వదిలేసి వచ్చేవాడు. ఇంట్లో లేని నిప్పు గడప దాటేదేముంది? వదిన కూడా ఆ రెండు సాయంత్రాలు అడిగేది కాదు. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా వారమంతా ఇంజిన్ నడిచేది.

వానాకాలంలో చలిజ్వరం వచ్చి అన్న పోయాడు. దినాలు అయిపోయాక నేను షెడ్డుకు పోతే, ప్లగ్గు ఉండాల్సిన చోట గుడ్డముక్క కుక్కి ఉంది. ఇంటికి తిరిగి వచ్చాను. వదిన వాకిట్లో బిందె తోముతోంది.

"వదినా, ప్లగ్గు కావాలె."

చేయి కడుక్కొని లోపలికి పోయింది. ప్లగ్గు తెచ్చి నా చేతికి ఇవ్వలేదు, గడప మీద పెట్టింది. నేను వంగి తీసుకున్నాను.

"పొద్దూకి తెచ్చియ్యి" అన్నది, అప్పటికే వీపు తిప్పేసి.

సరే, తెచ్చిచ్చాను. సోమవారం వచ్చింది. అన్న చేసినట్టే నేనూ ప్లగ్గును ఇంజిన్‌లోనే వదిలి వచ్చాను. గడపలో కాలు పెట్టకముందే అడిగింది.

"ప్లగ్గేది?"

"షెడ్డుల ఉన్నది. రేపు మంగళారం గద. అన్న గట్లనే చేసేటోడు."

రుద్దుడు చప్పుడు ఆగిపోయింది. "ఆయన ఉన్నప్పుడు ఇంజిన్ ఆయనది. ఏడ పెడితే ఆడుండె. ఇప్పుడు షెడ్డుల పెడితే, నాకు చెప్పకుండ మీ బాపు అమ్మేస్తడు. అమ్మినంక నన్ను బాలాపూర్ బండెక్కిస్తడు. పోయి తెచ్చియ్యి."

సంగతి అదీ. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆమెకు తిండి ఉంది గానీ మాట లేదు. ప్లగ్గు ఆమె దగ్గర ఉన్నంతకాలం ఇంజిన్‌ను ఏం చేయాలన్నా ఆమెను అడిగి తీరాలి. ఇంజిన్ ఉన్నంతకాలం ఆమెను కదిలించడం కష్టం. ఇది నాకు అర్థం కాలేదని కాదు. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా? వారంలో రెండు రోజులు ఇంజిన్ పడుకుంటే, ఆ రెండు రోజులు వడ్లాయన చెట్టు కింద కూర్చొని చుట్ట తాగుతూ నన్ను ఎగాదిగా చూస్తుంటే, నేను ఏం చెప్పుకోవాలి? మా ఇంట్లో ప్లగ్గుకు మడి ఉన్నదని చెప్పుకోవాలా?

ఇంకో ప్లగ్గు కొందామని పట్నం పోయాను. నేను అడగని దుకాణం లేదు. ఆ మరల కొలత మిలటరీ సామానుది, బజారులో దొరకదన్నారు. కాబట్టి ఉన్నది అదొక్కటే. రోజూ ఇప్పడం, బిగించడంతో మరలు అరుగుతున్నాయి. కింద రాగి వాషరు నలిగి కాగితంలా అయింది. అది కూడా ఆమెకు చెప్పాను. "మల్ల మెల్లగ బిగియ్యి" అన్నది.

రెండో బాధ ఆ తోముడు. ప్లగ్గుకు నీళ్ళు పనికిరావు. పింగాణీ సందుల్లో తడి ఉంటే రవ్వ దారి తప్పుతుంది. బూడిద రేణువు కొనల మధ్య ఇరుక్కుంటే అసలు దూకదు. ఆమె ఇచ్చే ప్లగ్గు పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టవచ్చు, అంత తెల్లగా ఉంటుంది. ఇంజిన్‌లో పెడితే మాత్రం మొద్దులా ఉంటుంది. హ్యాండిల్ తిప్పీ తిప్పీ నా అరచేతులు బొబ్బలెక్కేవి.

"వదినా, జర ఇను. గిది చెంబు కాదు. గీనికి నీళ్లు తగలొద్దు, బూడిద తగలొద్దు."

"మీ అన్న ఉన్నప్పుడు గిట్లనే తోమిన. అప్పుడు నడువలేదా ఇంజిన్?"

నిజంగానే నడిచింది. అదెట్లా నడిచిందో నాకు అంతుబట్టేది కాదు. ఒకరోజు వడ్లాయనే నవ్వుకుంటూ చెప్పాడు.

"మీ అన్న గీడికొచ్చినంక మొదలు ఆ బూడిదంత గీకి, పెట్రోల్ల కడిగేటోడు. రుమాలుతో తుడుసుకొని జేబుల పెట్టుకునేటోడు. ఇంట్ల చెప్పకుమని నాకు గూడ చెప్పిండు."

అంటే అన్న నాకు ఇంజిన్‌తోపాటు ఒక అబద్ధాన్ని కూడా ఇచ్చిపోయాడు, దాన్ని కూడా రోజూ నేనే నడపాలి. పెట్రోలును సీసాలో ఇంట్లో దాచుకొని చుక్క చుక్క లెక్కపెట్టుకునే రోజుల్లో, ఆమె తోమిన ప్లగ్గును రోజూ దొంగలా మళ్ళీ కడగాలి. కొన్నాళ్ళు కడిగాను కూడా. కానీ నేను అన్నను కాదు. కడిగినన్ని సార్లూ కడుపు మండేది, ఆ మంట ఇంటికి వచ్చి ఆమె మీదే చూపించేవాణ్ని. "ఇయ్యాల నిప్పు మంచిగ పడ్డదా?" అని అడిగితే, "పడలే" అని కసిగా అనేవాణ్ని. ఆమె చేయి వేగం పెరిగేది. మరుసటి రోజు ప్లగ్గు ఇంకా తెల్లగా ఉండేది.

మామిడికాయల కాలం వచ్చింది. తోటలవాళ్ళకు పెట్టెల చెక్కలు కావాలి, వారమంతా కోసినా సరిపోదు. మేము రెండు రోజులు మానేస్తున్నామని తెలిసి వాళ్ళు వేరే చోటు చూసుకోవడం మొదలుపెట్టారు. వడ్లాయన కూడా మానేస్తానన్నాడు. అది సందుగా తీసుకున్నాడు బాపు. ఆయనకు మొదటినుంచీ ఆ ఇంజిన్ ఇష్టం లేదు, ఎడ్లు, అరక తప్ప వేరే చప్పుడు గిట్టదు. పైగా ఇంజిన్ పోతే పెద్దకోడలి సంగతి కూడా తేలిపోతుంది. వాళ్ళ అన్నదమ్ములు వచ్చి తీసుకుపోతారు. ఇదంతా నాతో గానీ ఆమెతో గానీ అనలేదు. పహాడీ షరీఫ్ దగ్గర కట్టెల అడితి నడిపే సేటుతో మాట్లాడుకొని వచ్చాడు.

ఒక పొద్దున సేటు నేరుగా మా ఇంటి ముందు బండి దిగాడు. ఇంజిన్ నడిచి చూపిస్తే తీసుకుపోతానన్నాడు. బాపు నన్ను పిలిచి, "ప్లగ్గు తీస్కరా" అన్నాడు.

"నన్నడుగుతే ఏమొస్తది, వదిననడుగు" అన్నాను. నాకు అప్పుడే విషయం అర్థమైంది. షెడ్డు, రంపం, పటా, నేను నేర్చుకున్న పని అంతా ఆ బండి ఎక్కి పోబోతోంది.

బాపు ఎప్పుడూ వదినతో నేరుగా మాట్లాడేవాడు కాదు, అమ్మతో చెప్పించేవాడు. ఆ రోజు అమ్మ పెరట్లోకి తప్పుకుంది. సేటు చూస్తున్నాడు. ఇక తప్పదని బాపు పోయి గడప ముందు నిలబడ్డాడు.

"పెద్దకోడలా, సేటుకు ఇంజిన్ నడిపి చూపియ్యాలె. ప్లగ్గు ఇయ్యి బిడ్డా."

లోపల చప్పుడు ఆగింది. వదిన తలమీద కొంగు సర్దుకొని వచ్చింది. "ఇయ్యాల శుక్రారం మామా" అన్నది.

"శుక్రారమైతే ఏంది? అది ఇనుప ముక్క."

"ఆయన నిప్పన్నడు."

ఆ పొద్దున్నే నిప్పుకోసం పెంకు తెచ్చిన పక్కింటామెను శుక్రవారమని వెనక్కి పంపింది ఆయనే. వదిన అక్కడే ఉంది అప్పుడు. సేటు మంచివాడు, నవ్వాడు. "ఫికర్ లేదు పటేలా, ఇంటి పద్ధతి ఇంటికుంటది. రేపొస్త" అని బండి తిప్పించాడు.

ఆ నియమాన్ని తిట్టుకోని శుక్రవారం నాకు అదొక్కటే. సంతోషంతో రోజంతా నేల మీద నిలవలేదు. పొద్దుగూకకముందే వదిన దగ్గరకు పోయాను. లాంతరు తోముతోంది.

"వదినా, రేపు గూడ ఇయ్యకు."

చేయి ఆడుతూనే ఉంది.

"పోయిందని చెప్పు. బాయిల పడ్డదని చెప్పు. ప్లగ్గు లేని ఇంజిన్‌ను సేటు ఏం చేసుకుంటడు? ఇంకోటి చూసుకుంటడు. మన ఇంజిన్ మనకుంటది, నువ్వు గీ ఇంట్ల ఉంటవు."

"రేపు శనివారం గద" అన్నది.

"అయితే ఏంది?"

"శనివారం నాడు అడిగినోళ్లకు నిప్పు లేదంటమా?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇన్ని నెలలు ఆమె శుక్రవారాన్ని అడ్డం పెట్టుకొని తన పంతం నెగ్గించుకుంటోందని నేను, బాపు, ఇంటిల్లిపాదీ అనుకున్నాం. కాదు. ఆమెకు నిజంగానే శుక్రవారం శుక్రవారమే, శనివారం శనివారమే.

"నిన్ను ఎల్లగొడ్తరు వదినా."

"నాకెర్క లేదా?"

"ఎర్కుండి ఎట్ల ఇస్తవు?"

అప్పుడు లాంతరు కింద పెట్టింది. చేతికి బూడిద అట్లాగే ఉంది. నావైపు తిరిగి, ముఖంలోకి చూసి మాట్లాడింది.

"నన్ను అడుగకుండ అమ్మొద్దని ప్లగ్గు దగ్గర పెట్టుకున్న మరిదీ. మీ బాపు అడిగిండు. గడప ముంగటికి వచ్చి, పదిమంది చూస్తుండంగ, బిడ్డా అని అడిగిండు. గట్ల అడిగినంక గూడ లేదంటే, నాది అబద్ధం అయితది."

నేను చాలాసేపు వాదించాను. బతిమాలాను, అరిచాను కూడా. ఆమె మళ్ళీ లాంతరు చేతిలోకి తీసుకుంది.

మర్నాడు నేను అడగకముందే ప్లగ్గు గడప మీద ఉంది. చేతిలోకి తీసుకొని చూస్తే బూడిద జాడ లేదు, తడి లేదు. మొన చక్కటి ఇటుక రంగులో ఉంది. పెట్రోలు వాసన వస్తోంది.

"తోమలేదా?" అన్నాను.

"పెట్రోల్ల కడిగిన, నీ సీసల ఉన్నదాంతోని. సేటు ముంగట ఆయన ఇంజిన్ దగ్గొద్దని."

"నీటితోని కడుగొద్దని నీకు ముందే ఎర్కనా?"

"ఆయన రుమాలు ఉతికింది ఎవరనుకున్నవ్? రోజు పెట్రోలు వాసన, బూడిద మరకలు. నాకు ముక్కు లేదా?"

"మల్ల నన్నెందుకు సతాయించినవ్ ఇన్ని దినాలు?"

"ఆయన నాతోని ఒక్కనాడు కొట్లాడలే. నేను తోమింది పాడు చేసుకొని మల్ల కడుక్కునేటోడు గని, ఒక్కమాట అనలే. నువ్వు మొదటిదినమే కొట్లాడితివి." అంతే చెప్పి లోపలికి పోయింది.

ఇంజిన్ మొదటి తిప్పుకే అంటుకుంది. నా దగ్గర ఎన్నడూ అంత నున్నగా నడవలేదు అది. ఒక్క దగ్గు లేదు, పొగ లేదు. సేటు తల ఊపుతూ దాని చుట్టూ తిరిగాడు. బాపు మీసం సర్దుకున్నాడు. సేటు ఇత్తడి బిళ్ళను వేలితో తడిమి, ఏ కంపెనీదని అడిగాడు. అక్షరాలు అరిగిపోయాయన్నాను. మధ్యాహ్నానికి ఇంజిన్, రంపం, పటా అన్నీ బండి ఎక్కాయి. ప్లగ్గు ఇంజిన్‌లోనే పోయింది. ఒక చిన్న అబద్ధం, ఒకే ఒక్కటి చెప్పి ఉంటే ఆమె బతుకూ నిలబడేది, నా బతుకూ నిలబడేది. ఇంత వయసొచ్చినా ఆ శనివారాన్ని తలచుకుంటే నాకు పళ్ళు పటపటమంటాయి.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. బాపు బాలాపూర్‌కు కబురు పెట్టాడు. వదిన తమ్ముడు బండి కట్టుకొని వచ్చాడు. చేనుకు నీళ్ళు పెట్టాలి, ఆగడానికి లేదు, తినగానే బయల్దేరతామన్నాడు. వదిన బట్టల మూట కట్టుకొని వచ్చింది. పెట్టె కూడా లేదు ఆమెకు.

ఆ రోజు శుక్రవారం. అందరికీ తెలుసు. శుక్రవారం ఆడబిడ్డ ఇల్లు దాటకూడదు, కోడలు అసలే దాటకూడదు. మా చెల్లెలు అత్తగారింటికి పోవాల్సిన రోజు శుక్రవారమైతే వచ్చిన బండిని తిప్పి పంపిన ఇల్లు మాది. వదిన మూట చంకలో పెట్టుకొని గడప లోపల నిలబడింది. ఊరికే నిలబడలేదు, ఎవరైనా ఒక మాట అంటారేమోనని చూస్తోంది. అమ్మ బాపు ముఖం వైపు చూసింది. బాపు ఎడ్ల వైపు చూస్తున్నాడు.

నేను ఉండబట్టలేక అన్నాను. "బాపూ, ఇయ్యాల శుక్రారం."

"నా కొడుకే లేనంక ఆమెకు శుక్రారమేంది" అన్నాడు బాపు, ఎడ్ల మీదనుంచి చూపు తిప్పకుండానే.

వదిన ఇంకొంచెంసేపు నిలబడింది. తర్వాత కొంగు సర్దుకొని గడప దాటింది. నేను బండి దాకా వెంట పోయి మూట అందించాను. నాకు ఏడుపు వస్తోంది, బాపు మీద కోపంతోనా ఆమె మీద కోపంతోనా తెలియదు. ఆమె కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నువ్వు అన్నవు, నాకు సంతోషమే మరిదీ" అన్నది. "గని అది అనాల్సింది నువ్వు కాదు."

బండి కదిలింది. ఇంట్లోకి పోబుద్ధి కాక షెడ్డు దాకా నడిచిపోయాను. అక్కడ నేలలో ఇంజిన్ బిగించిన బోల్టులు మిగిలి ఉన్నాయి. నాకు చేయడానికి పనేమీ లేదు.